మతాల పటం బట్టీ పట్టకండి, దారులు పట్టుకోండి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: ప్రపంచంలో పెద్ద మతాలేవి, ఏ మతం ఏ దేశాల్లో ఉంది అన్నది పటం ముందు పెట్టుకుని రెండుసార్లు బట్టీ పట్టారు. నెల తిరిగేసరికి అంతా కలగాపులగం అయిపోయింది. అరేబియాలో పుట్టిన ఇస్లాంకి ఇండోనేషియాలో అంతమంది ఎలా వచ్చారు, ఇండియాలో పుట్టిన బౌద్ధం ఇండియాలోనే ఎందుకు పలచబడింది, ఇలాంటివేవీ పటం చెప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తప్పు మీది కాదు, ఆ పటానిది. నేను ముప్పై ఏళ్లు పిల్లలకి భూగోళం చెప్పాను. మొదటి పదేళ్లు నేనూ ఇలాగే చెప్పాను: ఈ రంగు ఇస్లాం, ఈ రంగు క్రైస్తవం, ఈ రంగు బౌద్ధం, రాసుకోండి. ఒకరోజు వెనక బెంచీ అబ్బాయి లేచి, "సార్, సైబీరియా అంతా క్రైస్తవం రంగు వేశారు, మనుషులే లేని చోట మతం ఎవరిది?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను గానీ, ఇంటికెళ్లాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే కదా. రంగు నేలకి వేస్తున్నాం, మతం ఉన్నదేమో మనుషుల్లో. అదే పటంలో ఇండియా మొత్తానికి ఒకటే రంగు. 2011 జనాభా లెక్కల్లో ఇండియాలో ముస్లింలు 17 కోట్ల పైచిలుకు. ఏ ఒక్క అరబ్బు దేశపు మొత్తం జనాభా తీసుకున్నా అంత ఉండదు. పటంలో మాత్రం వాళ్లు కనపడరు.

ముందు అంకెలు ఒకసారి చూసి పక్కన పెట్టేద్దాం. 2020 నాటి అంచనాల ప్రకారం క్రైస్తవులు సుమారు 230 కోట్లు, ముస్లింలు 200 కోట్లు, ఏ మతమూ లేదనేవాళ్లు 190 కోట్లు, హిందువులు 120 కోట్లు, బౌద్ధులు 32 కోట్లు. యూదులు కోటిన్నర మాత్రమే, అయినా వార్తల్లో రోజూ ఉంటారు. సిక్కులు రెండున్నర నుంచి మూడు కోట్ల మధ్య. ఇంతకంటే అంకెలు ఇప్పుడే నెత్తికెత్తుకోకండి.

అంకెల బదులు ప్రతి మతం దగ్గరా ఒక్క సంగతి వెతకండి: దీన్ని ఎవరు మోసుకెళ్లారు, ఏ దారిన వెళ్లారు, ఎక్కడ ఆగిపోయారు. మతం దానంతటదే పాకదు. వర్తకుడో, సైనికుడో, సన్యాసో, ఓడలో కూలీకి వెళ్లినవాడో దాన్ని తీసుకెళ్లాలి. వాళ్ల కాళ్లకి, పడవలకి, జంతువులకి పరిమితులుంటాయి. ఆ పరిమితులే చాలావరకు మతాల సరిహద్దులయ్యాయి.

ఇస్లాంతో మొదలుపెడతాను, ఎందుకంటే దీనిలో దారులు బాగా స్పష్టంగా కనపడతాయి. ముహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనాకి వెళ్లింది 622లో. ఆయన మరణం 632లో. అక్కణ్ణుంచి ఎనభై ఏళ్లలో, అంటే 711 నాటికి, అరబ్బు సైన్యాలు పడమర స్పెయిన్‌లో అడుగుపెట్టాయి, తూర్పున సింధు దాకా వచ్చాయి. ఇది చదివి చాలామంది, ఆ ఎనభై ఏళ్లలో జనమంతా ముస్లింలయిపోయారు అనుకుంటారు. కాదు. రాజ్యం మారినంత తొందరగా జనం మారలేదు. ఈజిప్టు, ఇరాన్ లాంటి చోట్ల మెజారిటీ ముస్లింలు కావడానికి కొన్ని శతాబ్దాలు పట్టింది. ఈజిప్టులో కోప్టిక్ క్రైస్తవులు, అంటే అక్కడి పాత క్రైస్తవ సంఘంవాళ్లు, ఇప్పటికీ గణనీయంగా ఉన్నారు. పైగా ఈజిప్టు భాష కూడా మారి అరబ్బీ అయింది, ఇరాన్ మతం మార్చుకుంది గానీ పార్శీ భాషని వదల్లేదు. అందుకే ఇరానీయుల్ని అరబ్బులంటే వాళ్లకి చిర్రెత్తుకొస్తుంది. టర్కీ వాళ్లూ అరబ్బులు కారు. అరబ్బులంతా ముస్లింలూ కారు, లెబనాన్ క్రైస్తవుల్ని చూడండి.

సైన్యం వెళ్లిన దారి ఒకటైతే, గాలి తీసుకెళ్లిన దారి ఇంకొకటి. నాకు ఇష్టమైనది ఈ రెండోదే. హిందూ మహాసముద్రంలో వేసవిలో నైరుతి నుంచి గాలి వీస్తుంది, చలికాలంలో అదే గాలి తిరగబడి ఈశాన్యం నుంచి వీస్తుంది. తెరచాప పడవ మీద వచ్చిన అరబ్బు వర్తకుడు సరుకు దించగానే వెనక్కి వెళ్లిపోలేడు. గాలి తిరిగేదాకా నెలల తరబడి ఆ రేవులోనే ఉండాలి. ఉన్నన్నాళ్లు ఎక్కడో నమాజు చేసుకోవాలి, ఎవరితోనో తినాలి. చాలామంది అక్కడే పెళ్లి చేసుకున్నారు, పిల్లలు పుట్టారు, రేవు పక్కన మసీదు వెలిసింది. మలబారు తీరంలో జరిగింది ఇదే. తూర్పు ఆఫ్రికా స్వాహిలీ తీరంలో జరిగిందీ ఇదే. మలక్కా జలసంధి దగ్గరైతే ఇంకా చిత్రం: పడమటి నుంచి వచ్చే ఓడలు ఒక గాలికి వస్తాయి, చైనా నుంచి వచ్చేవి దానికి ఎదురు గాలికి వస్తాయి. రెండు వైపులవాళ్లూ మధ్యలో కలిసి, ఎదురుచూసి, సరుకు మార్చుకుని పోవాల్సిందే. 1292లో సుమత్రా మీదుగా వెళ్లిన మార్కో పోలో, పెర్లాక్ అనే రేవులో పట్నంవాళ్లు ముస్లింలయ్యారని, కొండల్లోని వాళ్లు కాలేదని చెప్పాడు. మతం ఓడ దిగి మెల్లగా లోపలికి నడుస్తున్న సమయంలో ఆయన చూశాడన్నమాట. ఇప్పుడు ఇండోనేషియాలో ముస్లింలు 20 కోట్లు దాటారు. ప్రపంచ ముస్లింలలో సగానికి పైగా ఆసియా-పసిఫిక్ ప్రాంతంలోనే ఉన్నారు, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా కలిపినా ఐదోవంతే.

మూడో దారి ఒంటెది. ఉత్తర ఆఫ్రికా నుంచి ఉప్పు, సహారా అవతల నుంచి బంగారం. ఈ బిడారులతోపాటే ఇస్లాం ఎడారి దాటింది. మాలి రాజు మన్సా మూసా 1324లో హజ్ యాత్రకి వెళ్తూ కైరోలో పంచిన బంగారం గురించి అరబ్బు చరిత్రకారులు కథలు కథలుగా రాసుకున్నారు. కానీ ఆ ఒంటె ఎడారి దాటి, గడ్డిభూములు దాటి, దట్టమైన అడవి దగ్గర ఆగిపోయింది. అక్కడ సెట్సీ ఈగ ఉంది. అది కుడితే ఒంటె, గుర్రం జబ్బు చేసి చస్తాయి. ఇప్పుడు నైజీరియా పటం తీయండి. ఉత్తరాన ముస్లింలు ఎక్కువ, దక్షిణాన క్రైస్తవులు ఎక్కువ. ఉత్తరానికి మతం ఎడారి వైపు నుంచి వచ్చింది, దక్షిణానికి 19వ శతాబ్దంలో సముద్రం వైపు నుంచి మిషనరీలతో వచ్చింది. రెండూ మధ్యలో ఎదురుపడ్డాయి. ఈగ ఒక్కటే కారణమని అనను, రాజ్యాలు, బానిస వ్యాపారం, బ్రిటిష్ పాలన అన్నీ ఉన్నాయి. కానీ ఈగని వదిలేస్తే ఆ గీత అక్కడే ఎందుకు పడిందో అర్థం కాదు.

షియా, సున్నీల గురించి కూడా అడిగేవాళ్లుంటారు. చీలికకి మూలం ప్రవక్త తర్వాత నాయకత్వం ఎవరిదన్న వివాదం. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్ హత్య ఆ గాయాన్ని శాశ్వతం చేసింది. నూటికి 85 నుంచి 90 మంది సున్నీలు. షియాలు ఎక్కువగా ఉన్నవి ఇరాన్, ఇరాక్, అజర్‌బైజాన్, బహ్రెయిన్. ఇరాన్ మొదటినుంచీ షియా దేశమని అనుకోకండి. 1501లో సఫవీ వంశపు షా ఇస్మాయిల్ షియా మతాన్ని రాజ్య మతంగా ప్రకటించేనాటికి అక్కడ ఎక్కువమంది సున్నీలే. పొరుగున టర్కీని ఏలుతున్న సున్నీ ఒట్టోమన్లతో పోటీ ఉన్న రాజుకి, తన ప్రజల్ని వేరుగా నిలబెట్టే గుర్తు ఒకటి కావాల్సి వచ్చింది.

ఇక బౌద్ధం. దీన్ని మోసింది భిక్షువు, అన్నం పెట్టింది వర్తకుడు. బుద్ధుడు పుట్టిన లుంబిని ఇప్పటి నేపాల్‌లో ఉంది. జ్ఞానోదయమైన బోధ్‌గయ, మొదట ధర్మం చెప్పిన సారనాథ్, నిర్యాణం పొందిన కుశినగర్ మూడూ ఇండియాలో గంగా మైదానంలోనో దాని అంచునో ఉన్నాయి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కాలంలో ఒక పాయ శ్రీలంకకి వెళ్లింది. అక్కడ నిలిచిన థేరవాదమనే పాత శాఖే తర్వాత బర్మా, థాయ్‌లాండ్, కంబోడియా, లావోస్‌లలో వేళ్లూనింది. ఇంకో పాయ వాయవ్యంగా గాంధారం, బామియాన్ మీదుగా పట్టు దారి ఎక్కింది. ఆ దారిలో ఎడారి అంచున నీళ్లున్న చోటల్లా ఒక ఊరు, ఊరి పక్క ఒక విహారం. బిడారు ఆగాలంటే నీళ్లు కావాలి, క్షేమంగా చేరాలంటే దేవుడి అండ కావాలి, విహారం ఆ రెండోది చూసుకునేది. అలా దున్‌హువాంగ్ గుహల దాకా, అక్కణ్ణుంచి చైనా, కొరియా, 6వ శతాబ్దంలో జపాన్. ఇది మహాయానమనే శాఖ. వజ్రయానమనే మూడో శాఖ హిమాలయాలెక్కి టిబెట్, భూటాన్, మంగోలియాలకి వెళ్లింది. ఒక చిన్న ముక్క యూరప్‌లో కూడా ఉంది తెలుసా? కాస్పియన్ పక్కన రష్యాలోని కల్మికియా. 17వ శతాబ్దంలో వలస వెళ్లిన మంగోలు సంతతి వాళ్లు. క్విజ్‌లలో ఈ ప్రశ్న అడిగితే నూటికి తొంభై మంది బోల్తా పడతారు.

మరి పుట్టిన చోట ఎందుకు పోయింది? ఒకే ఒక్క కారణం చెప్పేవాళ్లని నమ్మకండి. నా అంచనా ఇదీ: ఇండియాలో బౌద్ధం బలమంతా విహారాల్లో ఉండేది, విహారం బతుకు రాజుల దానాల మీద, వర్తకుల దానాల మీద ఉండేది. ఇంట్లో పుట్టుక, పెళ్లి, చావు తంతులు మామూలు జనం బ్రాహ్మణుల చేతే చేయించుకునేవాళ్లు. దానాలు తగ్గి, భక్తి ఉద్యమాలు జనాన్ని లాగి, బుద్ధుణ్ణే విష్ణువు అవతారాల్లో కలిపేసుకున్నాక తేడా సన్నబడింది. 12వ శతాబ్దం చివర, 13 మొదట్లో జరిగిన దాడుల్లో నలంద లాంటి పెద్ద విహారాలు దెబ్బతిన్నాక, దాన్ని మళ్లీ లేపడానికి ఊళ్లలో సొంత సమాజం లేకపోయింది. జైనానికి ఆ సమాజం ఉంది, అందుకే అది ఇప్పటికీ ఉంది. ఆధునిక కాలంలో 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించారు. 2011 లెక్కల్లో ఇండియా బౌద్ధులు 84 లక్షలైతే, నలుగురిలో ముగ్గురి పైన ఒక్క మహారాష్ట్రలోనే ఉండటానికి అదే కారణం.

హిందూ మతం రెండుసార్లు సముద్రం దాటింది, రెండు ప్రయాణాలకీ పోలికే లేదు. మొదటిది క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో, వర్తకులు, బ్రాహ్మణులు, ఆగ్నేయాసియా రాజులు పిలిపించుకున్న పండితులు. జావాలో 9వ శతాబ్దపు ప్రంబనన్ ఆలయాలు, కంబోడియాలో 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మన్ విష్ణువుకి కట్టించిన అంగ్‌కోర్ వాట్ దాని గుర్తులు. అంగ్‌కోర్ వాట్ తర్వాత బౌద్ధ క్షేత్రమైంది, రాళ్లు అవే. ఇప్పుడు ఆ పాత ప్రపంచంలో జనం మతంగా మిగిలింది ముఖ్యంగా బాలి ద్వీపంలో, అక్కడ పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది హిందువులు. మిగతాచోట్ల పేర్లలో, కథల్లో మిగిలింది. ముస్లింలు మెజారిటీగా ఉన్న ఇండోనేషియాలో జాతీయ విమాన సంస్థ పేరు గరుడ.

రెండో ప్రయాణం కన్నీళ్లది. 1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి కూలీలు కావాల్సి వచ్చింది. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ఇండియా నుంచి ఓడలెక్కించారు. మారిషస్, గయానా, ట్రినిడాడ్, దక్షిణాఫ్రికాలో నటాల్, డచ్చివాళ్ల సురినామ్, చివర్లో 1879 నుంచి ఫిజీ. మారిషస్‌లో ఇప్పుడు దాదాపు సగం మంది హిందువులు. ఫిజీ, గయానా, ట్రినిడాడ్, సురినామ్‌లలో సుమారు ఐదోవంతు నుంచి నాలుగోవంతు దాకా. పటంలో ఈ ఐదు చుక్కల్లో గయానా, సురినామ్, ట్రినిడాడ్ పక్కపక్కనే ఉన్నా, మారిషస్, ఫిజీ వాటికి వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. బట్టీ పడితే గుర్తుండవు. చెరకు ఎక్కడ పండింది అని అడిగితే వరసగా గుర్తొస్తాయి.

హిందూ మతానికి ఇంకో చిక్కుంది. అది నేలతో ముడిపడిన మతం. ఫలానా నది, ఫలానా కొండ పవిత్రం. నది వెంట రాదు కదా. అందుకని మారిషస్‌లో అగ్నిపర్వత బిలంలో ఏర్పడిన ఒక సరస్సునే గంగా తలావ్ చేసుకున్నారు, గంగ నీళ్లు తెచ్చి అందులో కలిపారు. శివరాత్రికి వేలమంది కాలినడకన అక్కడికి వస్తారు. ఇస్లాంలో దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతి: పవిత్ర స్థలం ఒకటే, దాని వైపు ఎక్కడినుంచైనా తిరగొచ్చు. ఇండోనేషియాలో నమాజు పడమటి వైపు, మొరాకోలో తూర్పు వైపు.

ఇంత చెప్పినా, ప్రపంచ హిందువుల్లో నూటికి 95 మంది ఇండియాలోనే ఉన్నారు. పెద్ద మతాల్లో ఇంతగా ఒకే దేశంలో కుదురుకున్నది మరొకటి లేదు.

క్రైస్తవం దగ్గరికి వస్తే ముందు ఒక అపోహ తీసేయాలి. అది యూరప్ మతం కాదు, ఆసియాలో పుట్టింది. రోమన్ల రోడ్లు, మధ్యధరా ఓడలు దాన్ని పడమరకి తీసుకెళ్లిన మాట నిజం. 313లో కాన్‌స్టంటైన్ దానికి చట్టబద్ధత ఇచ్చాడు, 380లో థియొడోసియస్ రాజ్య మతం చేశాడు. కానీ అదే 4వ శతాబ్దంలో ఆర్మీనియా, ఇథియోపియా కూడా క్రైస్తవ రాజ్యాలయ్యాయి. ఇథియోపియాకి ఏ యూరప్ మిషనరీ కూడా నేర్పలేదు, చుట్టూ రాజ్యాలు ముస్లింలవి అయినా ఎత్తైన పీఠభూమి దాన్ని కాచుకుంది. కేరళ క్రైస్తవులు తమ సంప్రదాయం క్రీ.శ. 52లో వచ్చిన సెయింట్ థామస్‌తో మొదలైందంటారు. చైనాలో షియాన్ దగ్గర 781 నాటి శిలాశాసనం ఒకటుంది, చైనా, సిరియాక్ లిపుల్లో, తూర్పు సంఘం అనే పాత ఆసియా శాఖ క్రైస్తవులు అక్కడికి ఎప్పుడొచ్చారో చెబుతుంది. పోర్చుగీసు ఓడ ఆసియా చేరడానికి ఏడు వందల ఏళ్ల ముందు మాట.

చీలికలు రెండు గుర్తుంచుకోండి చాలు. 1054లో రోమ్, కాన్‌స్టాంటినోపుల్ విడిపోయాయి: పడమర కాథలిక్, తూర్పు ఆర్థడాక్స్. 1517లో లూథర్‌తో పడమర మళ్లీ చీలి ఉత్తర యూరప్ ప్రొటెస్టంట్ అయింది. మొదటి చీలిక గీత ఇప్పటికీ లిపిలో చూడొచ్చు. క్రొయేషియన్, సెర్బియన్ ఇద్దరూ ఇంచుమించు ఒకే భాష మాట్లాడతారు, ఒకరి మాట ఒకరికి హాయిగా అర్థమవుతుంది. కాథలిక్ క్రొయేషియా రోమన్ లిపిలో రాస్తుంది. ఆర్థడాక్స్ సెర్బియా అధికార లిపి సిరిలిక్. మధ్యలో ఒట్టోమన్ పాలనలో ముస్లింలైన బోస్నియాక్‌లు, వాళ్లదీ అదే భాష. ఒకే మాట, మూడు మతాలు, 1990లలో రక్తపాతం.

తర్వాతి దారి అట్లాంటిక్. 1494లో టోర్డెసిల్లాస్ ఒప్పందంతో స్పెయిన్, పోర్చుగల్ ప్రపంచాన్ని ఒక గీత గీసి పంచేసుకున్నాయి. ఫలితం మీకు తెలిసిందే: బ్రెజిల్ పోర్చుగీసు మాట్లాడుతుంది, చుట్టుపక్కల స్పానిష్, మతం అంతటా కాథలిక్. ప్రపంచంలో అత్యధిక కాథలిక్కులున్న దేశం ఇప్పుడు బ్రెజిల్. అదే స్పానిష్ ఓడ పసిఫిక్ దాటి ఫిలిప్పీన్స్‌ని కూడా కాథలిక్ చేసింది, కానీ దక్షిణాన మిండనావోలో అప్పటికే ఇస్లాం వచ్చి ఉంది. మలక్కా గాలి చివరి అంచు అక్కడ, స్పెయిన్ ఓడ చివరి అంచు కూడా అక్కడే. ఆ ద్వీపంలో గొడవలు ఎందుకో ఇప్పుడు ఊహించండి. ఇక అట్లాంటిక్ మీద బలవంతంగా మోసుకెళ్లిన మనుషుల్తో ఇంకో మతమూ వెళ్లింది: పశ్చిమ ఆఫ్రికా దేవతలు హైతీలో వోడూగా, బ్రెజిల్‌లో కాందోంబ్లేగా, కాథలిక్ సెయింట్ల ముసుగులో బతికారు.

1910లో ప్రపంచ క్రైస్తవుల్లో మూడింట రెండొంతులు యూరప్‌లో ఉండేవాళ్లు. ఇప్పుడు నాలుగోవంతు కూడా లేరు. సహారాకి దక్షిణాన ఉన్న ఆఫ్రికా దాన్ని దాటేసింది. వందేళ్లలో ఒక మతం కేంద్రం ఖండం మారిపోవడం అంటే మాటలు కాదు. పాత పుస్తకం చదివి పరీక్ష రాసేవాళ్లు పొరబడేది ఇక్కడే.

ఇవన్నీ ఒకే చోట ఎలా ఇరుక్కుంటాయో చూడాలంటే జెరూసలేం పాత నగరం చాలు. మొత్తం ఒక చదరపు కిలోమీటరు లేదు. క్రీ.శ. 70లో రోమన్లు కూల్చిన యూదుల ఆలయ ప్రాంగణపు పడమటి గోడ, ఆ ప్రాంగణం మీదే 7వ శతాబ్దం చివర ముస్లింలు కట్టిన డోమ్ ఆఫ్ ది రాక్, కొన్ని నిమిషాల నడక దూరంలో ఏసు సమాధి చర్చి. ఆ చర్చిని ఆరు క్రైస్తవ శాఖలు పంచుకుంటాయి. ఏ మెట్టు ఎవరు ఊడ్వాలి, ఏ దీపం ఎవరు వెలిగించాలి అన్నీ ఒట్టోమన్ల కాలం ఒప్పందాలే. ముఖద్వారం పైన కిటికీ కింద ఒక మామూలు కర్ర నిచ్చెన ఉంది. 18వ శతాబ్దపు బొమ్మల్లో కూడా అది కనపడుతుంది. ఒకరు తీస్తే ఇంకొకరు ఒప్పుకోరు, అందుకని అలాగే ఉంది. ఇథియోపియా సన్యాసులకి లోపల చోటు దొరక్క పైకప్పు మీద ఉంటారు. తలుపు తాళంచెవి, తలుపు తీసే బాధ్యత శతాబ్దాలుగా రెండు ముస్లిం కుటుంబాల చేతిలో ఉన్నాయి. మధ్యస్థంగా బయటివాడుంటేనే గొడవ లేదు.

ఒకే స్థలాన్ని ఇంత గొడవ లేకుండా పంచుకున్నవీ ఉన్నాయి. శ్రీలంకలో 2,243 మీటర్ల శ్రీపాద శిఖరం మీద పాదం గుర్తు ఒకటే: బౌద్ధులకి బుద్ధుడిది, హిందువులకి శివుడిది, ముస్లింలకి ఆదాముది. కైలాస పర్వతం చుట్టూ హిందువులు, బౌద్ధులు కుడివైపుగా ప్రదక్షిణ చేస్తే, టిబెట్ పాత బోన్ మతస్థులు ఎడమవైపుగా తిరుగుతారు. అంటే దారిలో ఎదురుపడుతూనే ఉంటారు.

చిన్న మతాల్ని త్వరగా చెప్పేస్తాను. యూదుల్లో నూటికి 85 మంది వరకు ఇజ్రాయెల్, అమెరికాల్లోనే ఉన్నారు. 1492లో స్పెయిన్ వెళ్లగొట్టినవాళ్లలో చాలామందికి ఒట్టోమన్లు చోటిచ్చారు. ఇరాన్‌లో పుట్టిన జరతుష్ట్ర మతస్థుల్లో కొందరు గుజరాత్ తీరానికి వచ్చి పార్శీలయ్యారు, 2011లో ఇండియాలో 57 వేల చిల్లర మిగిలారు. సిక్కు మతం పంజాబ్‌లో పుట్టింది. గురునానక్ పుట్టిన నన్‌కానా సాహిబ్, చివరి రోజులు గడిపిన కర్తార్‌పూర్ రెండూ 1947 గీతకి అవతల పాకిస్తాన్‌లో పడ్డాయి. మీరు నమ్మరు గానీ, 2021 కెనడా లెక్కల్లో సిక్కులు 2.1 శాతం, 2011 ఇండియా లెక్కల్లో 1.7 శాతం. జైనం ఎందుకు బయటికి పోలేదని అడుగుతారు. ఒక కారణం కాళ్లలోనే ఉంది: జైన సాధువు వాహనం ఎక్కకూడదు, నడవాలి. నడిచి సముద్రం దాటలేడు. జైన వర్తకులు దాటారు, వాళ్లతో గుళ్లు వెళ్లాయి, కానీ బోధించే సాధువు వెళ్లలేదు.

తూర్పు ఆసియాకి వచ్చేసరికి లెక్క పెట్టడమే పనికిరాకుండా పోతుంది. జపాన్‌లో మత సంస్థలు చెప్పుకునే సభ్యులందర్నీ కలిపితే దేశ జనాభా కంటే ఎక్కువ వస్తారు. మోసమేం కాదు. ఒకే మనిషి పుట్టినప్పుడు షింటో మందిరానికి వెళ్తాడు, చనిపోతే బౌద్ధ పద్ధతిలో సాగనంపుతారు, రెండు చోట్లా పేరుంటుంది. అదే మనిషిని "మీ మతమేంటి?" అని అడిగితే, "ఏమీ లేదు" అనొచ్చు. చైనాలోనూ అంతే: పూర్వీకులకి అగరొత్తులు వెలిగిస్తారు, తావో గుడికి పోతారు, కన్ఫ్యూషియస్ మర్యాదలు పాటిస్తారు, సర్వేలో మతం లేదంటారు. మతం లేనివాళ్లు 190 కోట్లు అన్న అంకెలో పెద్ద వాటా ఈ చైనాదే. దాన్ని చెక్ రిపబ్లిక్, ఎస్తోనియాల్లో దేవుణ్ణి పక్కన పెట్టేసిన వాళ్లతో కలిపి ఒకే గంపలో వేయడం నాకు సరిగ్గా అనిపించదు. మతమంటే ఒక్కటే ఉండాలి అన్న అలవాటు ఏసు, ముహమ్మద్‌ల బోధనలు నడిచిన ప్రాంతాలది. ఆ కొలబద్ద క్యోటోకి తీసుకెళ్తే సరిపోదు.

ఇక మీరు చేయాల్సింది. రంగులు వేసిన పటం మూసేయండి. దేశాల గీతలు కూడా లేని ఖాళీ పటం ఒకటి తీసుకుని ముందు కొండలు, ఎడార్లు గుర్తుపెట్టండి: హిమాలయాలు, సహారా, ఇథియోపియా పీఠభూమి, కాకసస్. లెబనాన్‌లో మరోనైట్ క్రైస్తవులు, ఇస్లాం నుంచి విడివడ్డ డ్రూజ్‌లు, కాకసస్‌లో ఆర్మీనియన్లు, టిబెట్‌లో వజ్రయానం కొండల్లోనే ఎందుకు నిలిచారో అప్పుడే తడుతుంది, సైన్యం మైదానంలో తొందరగా కదులుతుంది, కొండ ఎక్కడానికి ఆయాసపడుతుంది. తర్వాత దారులు గీయండి, ఒక్కో మోసినవాడికి ఒక్కో రంగు: వర్తకుడు, సైన్యం, సన్యాసి, కూలీ. మొత్తం ప్రపంచం ఒకేసారి వద్దు, హిందూ మహాసముద్రంతో మొదలుపెట్టండి. మొదటి రోజు గాలుల దిశ, రెండో రోజు రేవులు, మూడో రోజు ఏ రేవులో ఎవరు ఏ శతాబ్దంలో దిగారు. గీయడం అయ్యాక కేరళ తీరం దగ్గర చూడండి. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు మూడు బాణాలూ పడమటి సముద్రం మీంచి వచ్చి అక్కడే దిగి ఉంటే, సరిగ్గా గీసినట్టే. ఏ బాణమైనా ఉత్తరం నుంచి భూమ్మీదుగా వచ్చిందంటే, చెరిపేసి మళ్లీ గాలుల దగ్గర్నుంచి మొదలుపెట్టండి.